ఎదురు కుర్చీలో కృష్ణకుమారి

హైమవతికి కేరమ్స్ ఆడటం రాదు. అయినా ఆ ఆట సంగతి ఒకటి ఆమెకు బాగా తెలుసు. ఇద్దరు జట్టుగా ఆడేటప్పుడు పక్కపక్కన కూర్చోరు, ఎదురెదురుగా కూర్చుంటారు. మధ్యలో మాట్లాడుకోకూడదు. చెప్పుకోవలసిందేదైనా ఉంటే కళ్ళతోనే చెప్పుకోవాలి.

ఆమె భర్త త్యాగరాజు ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో డ్రాఫ్ట్స్‌మన్. కేరమ్స్‌లో చెయ్యి తిరిగిన ఆటగాడు. ఏటా చలికాలంలో మంత్రిత్వ శాఖల మధ్య పోటీలు జరిగేవి. ఆడా మగా కలిసి ఆడే డబుల్స్‌లో కప్పు చాలాసార్లు అతని ఆఫీసుకే వచ్చింది. ఎదురు కుర్చీలో కూర్చునేది కృష్ణకుమారి. ఆమెది హనుమకొండ. అదే ఆఫీసులో ఉద్యోగుల కాగితాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో పనిచేసేది. పెళ్ళి చేసుకోలేదు. లక్ష్మీబాయి నగర్‌లో చిన్న క్వార్టర్లో ఒక్కతే ఉండేది.

హైమవతి తెనాలి దగ్గర నుంచి పెళ్ళయి నేరుగా నేతాజీ నగర్ క్వార్టరుకు వచ్చింది. హిందీ కూరల బండివాళ్ళ దగ్గర నేర్చుకుంది. స్వెట్టరు అల్లిక పంజాబీ ఇరుగుపొరుగు దగ్గర నేర్చుకుని, చివరికి వాళ్ళకే డిజైన్లు చెప్పేంత పనిమంతురాలైంది. ఒక్కగానొక్క కూతురు మైథిలి. ఇంటికి ఏ లోటూ లేదు. త్యాగరాజు తాగడు, కేకలేయడు, జీతం తెచ్చి చేతిలో పెడతాడు. కాకపోతే ఆఫీసయ్యాక రిక్రియేషన్ క్లబ్బుకు పోయి, బాగా చీకటిపడ్డాక ఇంటికొస్తాడు. వేళ్ళకు కేరమ్స్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడరు అంటుకుని ఉంటుంది. వచ్చి, అన్నం తిని, పేపరు చూసి పడుకుంటాడు.

ఆమె వాళ్ళిద్దరి ఆట మొదటిసారి చూసింది ఆఫీసు వార్షికోత్సవంలో. ముందు వరసలో, పట్టుచీర కట్టుకుని కూర్చుంది. త్యాగరాజు ఎవరూ పడుతుందనుకోని రెడ్ కాయిన్‌ను మూల నుంచి తిప్పి వేశాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. అతను పెళ్ళాం కూర్చున్న వైపు చూడలేదు. ఎదురుగా చూశాడు. కృష్ణకుమారి ఒక కనుబొమ్మ కొంచెం పైకెత్తింది. అంతే, మళ్ళీ ఆటలో పడిపోయారు.

ఆ కనుబొమ్మ హైమవతి మనసులో ఏళ్ళ తరబడి అలా ఎత్తే ఉండిపోయింది. వాళ్ళ మధ్య తప్పేదీ లేదని ఆమెకు తెలుసు. తప్పుంటే పోట్లాడేది, పుట్టింటికి కబురు పెట్టేది, ఏదో ఒకటి చేసేది. తప్పు లేకపోవడమే ఆమెను కాల్చేది. ఎవరికని చెప్పుకుంటుంది, మా ఆయన కేరమ్స్ ఆడుతున్నాడని?

ఇంకొకటి కూడా ఆమె గమనించింది. కృష్ణకుమారి ఎప్పుడు కనపడినా "అక్కా" అనేది. "వదినా" అని ఒక్కసారీ అనలేదు. వదినా అంటే అతను అన్నయ్య అయిపోతాడు కదా. ఆ లెక్కను హైమవతి ఎన్నిసార్లు వేసుకుందో.

త్యాగరాజుకు కిడ్నీలో కణితి వచ్చి, ఆ కిడ్నీ తీసేశారు. రెండేళ్ళు బాగానే గడిచాయి. గండం గడిచిందనుకున్నారు. తొంభై ఏడు డిసెంబరులో, సెమీఫైనల్ ఆడుతూ దూరంగా ఉన్న కాయిన్ కోసం బోర్డు మీదికి వంగినవాడు మళ్ళీ లేవలేకపోయాడు.

ఆ మధ్యాహ్నం హైమవతి బాల్కనీలో రజాయి ఎండబెడుతోంది. కింద టాక్సీ ఆగింది. ముందు ఆఫీసు ప్యూన్ దిగాడు. వెనక తలుపు తెరుచుకుంది. హైమవతికి మొట్టమొదట కనిపించింది భర్త ముఖం కాదు. అతని భుజం కింద ఆనించి ఉన్న కృష్ణకుమారి చెయ్యి. ఆ తర్వాతే అతని ముఖం చూసింది. పాలిపోయి, పెదాలు బిగించి ఉన్నాడు. ముందు ఆ చేతిని ఎందుకు చూశానా అని తర్వాత చాలాకాలం సిగ్గుపడింది. కానీ చూసింది.

"నడుం పట్టేసిందక్కా, సార్‌కు" అంది కృష్ణకుమారి మెట్ల మీద రొప్పుతూ. "డాక్టర్ కాడికి పోదామంటే వద్దని ఇంటికే పోదామన్నరు."

"నేను చూసుకుంటాను. మీరు వెళ్ళండి" అని హైమవతి అతని రెండో చెయ్యి తను పట్టుకుంది.

ఎమ్మారై తీశారు. కిడ్నీలో మొదలైన జబ్బు నడుము దగ్గర వెన్నుపూసలోకి పాకిందన్నారు. పూస లోపల గుల్లయిపోయి సగానికి అణిగిపోయింది. రేడియేషన్ ఇచ్చారు. నొప్పి కొంత తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలైంది. వీపు కోసి రాడ్లు వేసే ఆపరేషన్ గురించి అడిగితే, ఈ రకం కణితికి రక్తం విపరీతంగా పోతుంది, మనిషి తట్టుకోలేడు అన్నారు. నడుముకు బెల్టు, మార్ఫిన్ మాత్రలు ఇచ్చి ఇంటికి పంపారు. వెల్లకిలా పడుకుని ఉండాలి. పక్కకు తిప్పాలంటే భుజాలూ తుంటీ ఒక్కసారే, దుంగను దొర్లించినట్టు తిప్పాలి.

హైమవతి ఆ పని నేర్చుకుంది. ఒళ్ళు తుడవడం, జావ తాగించడం, గడ్డం గీయడం అన్నీ ఆమే చేసేది. ఎవరినీ చెయ్యి వేయనిచ్చేది కాదు. మైథిలి కాలేజీ నుంచి వచ్చి, "మమ్మీ, మై కర్ దూఁ? నేను చేస్తా" అంటే, "నీకు తెలీదులే, నువ్వు చదువుకో" అనేది.

ఆ చలికాలం ఆమె ఎవరికీ చెప్పుకోలేని సంతోషం అనుభవించింది. సాయంత్రం ఐదున్నరకు త్యాగరాజు ఇంట్లో ఉన్నాడు. ఆరింటికీ ఉన్నాడు. ఎనిమిదింటికీ ఉన్నాడు. ఎక్కడికీ పోలేడు. పేపరు ఆమే చదివి వినిపించేది. అతను కళ్ళు మూసుకుని వింటూ మధ్యమధ్య తన చిన్నప్పటి కబుర్లు చెప్పేవాడు. రేపల్లెలో మేనమామ సైకిలు షాపు సంగతి, అక్కడే బల్ల మీద సున్నం గీతలు గీసుకుని గోలీకాయలతో కేరమ్స్ ఆడిన సంగతి. ఇవన్నీ ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు.

"నాకెప్పుడూ చెప్పలేదేం?" అంది ఒకరోజు.

"నువ్వు అడగలేదుగా, హైమా."

"ఇంట్లో ఉంటేగా అడగడానికి!"

అతను నవ్వబోయి, నడుము కలుక్కుమని ఆగిపోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మీద ఇప్పుడు పౌడరు లేదు.

కృష్ణకుమారి ప్రతి శనివారం వచ్చేది. బస్సెక్కి, సంచిలో బత్తాయిలో దానిమ్మలో తెచ్చేది. హైమవతి తలుపు సగం తెరిచి, ఆ సగంలో తను నిలబడేది.

"ఇప్పుడే నిద్రపట్టిందండీ."

"మళ్ళ వస్తలే అక్కా. చెప్పు నేనొచ్చిన్నని."

హైమవతి పళ్ళు తీసుకునేది. తలుపు వేసేది. ఎవరు వచ్చారని అతను లోపలి నుంచి అడిగితే, "పక్కింటావిడ" అనేది. ఒకసారి "పోస్టువాడు" అంది. బత్తాయి రసం మాత్రం తీసి ఇచ్చేది.

మార్చి మొదటి వారంలో ఒక శనివారం కృష్ణకుమారి పళ్ళ సంచి ఇచ్చాక కదల్లేదు.

"అక్కా, ఒక మాట ఉన్నది. మా పక్క క్వార్టర్ల ఉండే నర్సు చెప్పింది. వాళ్ళ హాస్పిటల్‌ల ఒక డాక్టర్ ఫ్రాన్స్ పోయి నేర్చుకొని వచ్చిండట. వీపు కోసుడు ఉండదట. సూది లోపలికి పంపి, విరిగిన పూసల సిమెంట్ లెక్కది నింపుతరట. నొప్పి పోతదట. ఆమె ముంగటనే ఇద్దరికి చేసిన్రు. ఇద్దరు లేచి నడుస్తున్నరట. నేను పోయి డాక్టర్‌ను కూడ కలిసిన. ఫిల్ములు పట్టుకొని రమ్మన్నడు."

హైమవతి చేతిలో సంచి బరువెక్కింది.

ఆమెకు ముందు కలిగిన ఆలోచన, అతను లేస్తాడని కాదు. ఈవిడ వెళ్ళి డాక్టరును కలిసిందని. నాకు తెలియకుండా, నా మొగుడి కోసం, ఈవిడ. ఇన్నాళ్ళూ చాకిరీ చేసింది తనైతే, లేపి నిలబెట్టిన పుణ్యం ఈవిడకు పోతుంది. లేచినవాడు ఎక్కడికి నడిచిపోతాడో అది కూడా తెలుసు.

"కనుక్కుంటాంలెండి" అంది. తలుపు వేసింది.

ఆ రోజు చెప్పలేదు. మర్నాడు చెబుదామనుకుంది, చెప్పలేదు. సూదులూ సిమెంటూ అంటే ఏమవుతుందో ఏమో, ఉన్నది కూడా పోతుందేమో అని తనకు తను చెప్పుకుంది. అది పూర్తిగా అబద్ధం కాదు. అందుకే దాన్ని పట్టుకుని రోజులు దాటించగలిగింది. తర్వాతి శనివారం కృష్ణకుమారి వచ్చి, "ఏమాయె అక్కా?" అని అడిగితే, "ఆలోచిస్తున్నారు" అంది.

ఎండలు ముదరసాగాయి. ఒకరోజు పొద్దున త్యాగరాజుకు తుమ్ము వచ్చింది. ఒక్క తుమ్ము. అతను కేక పెట్టలేదు. నోరు తెరిచాడు కానీ శబ్దం రాలేదు. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. ఆమె మణికట్టు దొరికితే పట్టుకున్నాడు. గాజు పగిలి ఆమెకు గుచ్చుకుంది. చాలాసేపటికి పట్టు సడలింది.

"హైమా" అన్నాడు, పైన తిరుగుతున్న ఫ్యాను చూస్తూ. "నన్ను అందరూ వదిలేశారే. మూడు నెలల నుంచి ఆఫీసు వాళ్ళు ఒక్కరు రాలేదు. కృష్ణకుమారి కూడా రాలేదు చూడు. అంతేలే. పడుకున్నవాడితో ఎవరికేం పని? నాకు కూడా నాతో పని అయిపోయినట్టే ఉంది."

హైమవతి మణికట్టు మీద రక్తం తుడుచుకుంది. అతని ముఖం తుడిచింది. ఆ మనిషి తన దగ్గర ఉన్నాడనే ఇన్నాళ్ళూ అనుకుంది. అతను ఎవరి దగ్గరా లేడని అప్పుడు కనిపించింది. మైథిలిని నాన్న దగ్గర కూర్చోమంది. పరుపు కింద నుంచి ఎమ్మారై ఫిల్ములు తీసి, ఆటో ఎక్కి లక్ష్మీబాయి నగర్ వెళ్ళింది.

ఆదివారం కావడంతో కృష్ణకుమారి ఇంట్లోనే ఉంది. తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. హైమవతిని చూసి ఆమె ముఖంలో రంగు మారింది.

"సార్‌కు ఏమన్న అయిందా?"

"ఏమీ కాలేదు." హైమవతి కూర్చోకుండానే చెప్పేసింది. "ఆయనకు చెప్పలేదు. సూది వైద్యం సంగతి నేను ఆయనకు చెప్పనే లేదు. మీరు వస్తున్నారని కూడా చెప్పలేదు. మీరు మర్చిపోయారనుకుంటున్నారు ఆయన."

కృష్ణకుమారి జుట్టు ముడి వేసుకోవడం మధ్యలో ఆపేసింది. తిడుతుందని హైమవతి ఎదురుచూసింది. ఆమె తిట్టలేదు. మంచం అంచున కూర్చుంది.

"నాకు తెలుసక్కా" అంది. "పండుకున్నడు అంటవు. లోపలికెల్లి దగ్గు వినొస్తుండె. మెట్లు దిగుకుంట ఏడ్చిన ఒకసారి. నాకు నీ మీద ఎంత కుళ్ళు ఉండెనో నీకు తెల్వదు."

"నా మీదా?"

"నీ మీదనే. ఆయనకు అన్నం తినిపిస్తవు. ఒళ్ళు తుడుస్తవు. నేను ఆఫీసుల ఆయన ఎట్లున్నడని ప్యూన్‌ను అడిగి తెలుసుకోవాలె. అడిగితే కూడ ఎందుకు అడుగుతుందని చూస్తరు. నాకు ఏం హక్కున్నది అడగనీకి?"

హైమవతి ఇక ఆగలేదు. ఇన్నేళ్ళుగా నోటిదాకా వచ్చి ఆగిపోయిన ప్రశ్న అడిగేసింది.

"మీకు ఆయనంటే ఇష్టమా?"

"ఇష్టమే. అబద్ధం చెప్పుమంటవా?" కృష్ణకుమారి ఆమె కళ్ళలోకి సూటిగా చూసింది. "ఆయనకు మాత్రం నేను పార్ట్‌నర్‌ను. అంతకు మించి ఏం లేదు. ఆయన చెయ్యి కూడ నేను ఆ టాక్సీ దినమే పట్టుకున్న. ఇగ నువ్వు ఏమన్న అనుకో."

ఆ మాట విని హైమవతికి ఊరట కలగాలి. కలగలేదు. అనుమానం పోయి, దాని చోట నిజం వచ్చి కూర్చుంది. నిజం ఇంకా బరువుగా ఉంది. ఫిల్ముల కవరు ముందుకు చాచింది.

"డాక్టరు దగ్గరికి ఎలా వెళ్ళాలో నాకు తెలీదు. రండి."

డాక్టరు ఆ ఆదివారం డ్యూటీలోనే ఉన్నాడు, నలభై దాటని మనిషి. ఫిల్ములు లైటు మీద పెట్టి, హిందీలో నెమ్మదిగా చెప్పాడు. గుల్లయిన పూసలో విరిగిన ముక్కలు కదిలినప్పుడల్లా రాసుకుంటున్నాయి, ఆ నొప్పి దానిదే. వీపు మీద చిన్న గాటు పెట్టి, బోలు సూదిని ఎక్స్‌రే తెర మీద చూస్తూ పూసలోకి దింపుతాం. కీళ్ళు మార్చేటప్పుడు వాడే సిమెంటును ముద్దలా కలిపి అందులోంచి కొద్దికొద్దిగా ఎక్కిస్తాం. అది లోపల గట్టిపడి పూసను నిలబెడుతుంది. పక్కకు కారి నరాల మీద పడితే కాళ్ళు చచ్చుబడే ప్రమాదం ఉంది. అందుకే చూస్తూ చూస్తూ ఎక్కిస్తాం.

"జబ్బు పోతుందా?" అని అడిగింది హైమవతి.

"నహీ, బహన్‌జీ. జబ్బు ఎక్కడికీ పోదు. నొప్పి పోవచ్చు. కూర్చోవచ్చు, నడవచ్చు. ఎంతకాలం అన్నది నేను చెప్పలేను."

త్యాగరాజుకు ఆ సాయంత్రమే చెప్పింది. కృష్ణకుమారి కనుక్కుని వచ్చిందనీ చెప్పింది. ఎప్పుడు వచ్చిందో మాత్రం చెప్పలేదు. అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "చేయించెయ్యి" అన్నాడు. కాళ్ళు పడిపోవచ్చట అని ఆమె అంటే, "ఇప్పుడు లేచి తిరుగుతున్నాయా ఏమిటి?" అన్నాడు.

సూది వైద్యం చేసే రోజు హైమవతి, కృష్ణకుమారి లోపల ఎర్రలైటు వెలుగుతున్న గది బయట ఒకే బెంచీ మీద కూర్చున్నారు. మధ్యలో ఫ్లాస్కు. గంట దాటాక ఒక నర్సు తలుపు తీసి, "త్యాగరాజు కే సాథ్ కౌన్ హై?" అని, అతని వెంట ఎవరున్నారని అడిగింది.

ఇద్దరూ లేచి నిలబడ్డారు.

నర్సు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏక్ హీ అందర్ ఆయేగా" అంది, ఒక్కరే లోపలికి రావాలని.

కృష్ణకుమారి కూర్చుంది. హైమవతి లోపలికి నడిచింది. నడుస్తూ, ఆమె కూర్చోవడం ఒక్క క్షణం ఆలస్యమైందని లెక్కపెట్టకుండా ఉండలేకపోయింది.

త్యాగరాజు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు. మాట ముద్దగా వస్తోంది. "బోర్లా పడుకోబెట్టి, గోడకు మేకు దిగ్గొట్టినట్టు చిన్న సుత్తితో కొట్టారే. చప్పుడు నాకు లోపలి నుంచి వినిపించింది" అన్నాడు. పాదాలు కదిలించి చూపించాడు. రెండూ కదిలాయి. హైమవతి వాటిని రెండు చేతులతో పట్టుకుని దుప్పటి మీద తల ఆనించింది.

"కృష్ణకుమారి వచ్చిందా?" అని అడిగాడు.

ఆమె తల ఎత్తింది. ఏడుపు అక్కడికక్కడే ఆగిపోయింది. "వచ్చింది. బయట కూర్చుంది" అంది. బయటికి వచ్చి, "బాగానే ఉన్నారు. కాళ్ళు కదులుతున్నాయి" అని చెప్పింది. అక్కడితో ఆపేయవచ్చు. కాస్త ఆగి, "మిమ్మల్ని అడిగారు" అని కూడా అంది. ఆ మూడో మాట బయటికి రావడానికి మొదటి రెండింటికన్నా ఎక్కువ కష్టపడింది.

మర్నాడు పొద్దున త్యాగరాజు మంచం మీద లేచి కూర్చున్నాడు. నొప్పి వస్తుందేమోనని భయపడుతూ కూర్చున్నాడు. రాలేదు. అనుమానంగా ఇంకొంచెం కదిలాడు. మధ్యాహ్నానికి వరండా చివరిదాకా నడిచి, కిటికీలోంచి కింద జూస్ బండి చూసి, "మోసంబీ తాగుదామా?" అన్నాడు. మూడు నెలల తర్వాత నిలబడి ఉన్న భర్త తనకన్నా పొడుగన్న సంగతి హైమవతికి కొత్తగా తెలిసినట్టయింది.

ఇల్లు చేరాక నెల తిరక్కుండానే సగం పూట ఆఫీసుకు పోవడం మొదలుపెట్టాడు. ఇంకో నెలకు క్లబ్బుకు. డాక్టరు ఎక్కువగా వంగొద్దన్నాడు కనుక ఎత్తు కుర్చీ వేయించారట. ఈ సంగతి కూడా మైథిలి చెబితే తెలిసింది. సాయంత్రం ఐదున్నర మళ్ళీ ఖాళీ అయింది. హైమవతి పేపరు తనకు తను చదువుకుంది. ఆ డాక్టరు సూదితో భర్తను లేపి తనకు ఇవ్వలేదనీ, తన దగ్గర నుంచి తీసుకుని బోర్డు ముందు కూర్చోబెట్టాడనీ అనిపించేది. అనిపించినందుకు తనను తను అసహ్యించుకునేది. అయినా మళ్ళీ అనిపించేది.

ఆగస్టులో, కుండపోతగా వాన పడిన ఒక సాయంత్రం అతను తడిసి వచ్చాడు. ఈల వేస్తూ తల తుడుచుకుంటున్నాడు.

"ఇవాళ కృష్ణకుమారి ఏం వేసిందనుకున్నావ్! రెడ్ వేశాక ఇంకో కాయిన్‌తో కవర్ చేయడం కుదరదనుకున్నా..."

"నాకు ముందే తెలుసు" అంది హైమవతి.

"ఏమిటి?"

"సూది వైద్యం సంగతి. మీకు చెప్పడానికి ముందే ఆవిడ వచ్చి చెప్పింది. రెండు శనివారాలు వచ్చి అడిగింది. నేను దాచాను. అంతకుముందు కూడా వారం వారం వచ్చేది. మీరు నిద్రపోతున్నారని పంపించేశాను."

తువ్వాలు అతని చేతిలో ఆగిపోయింది.

"నేను అక్కడ పడి కొట్టుకుంటుంటే, నువ్వు దాచావా?"

"దాచాను."

"ఎందుకే?"

"లేస్తే వెళ్ళిపోతారని."

"ఎక్కడికెళ్తాను? నా బతుకుకు ఆ బోర్డు దగ్గరికే కదా!"

"అదే. అక్కడికే."

అతను తువ్వాలు పడేసి లోపలికి పోయాడు. భోజనానికి రాలేదు. మర్నాడు మాట్లాడలేదు. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు 'ఉప్పు', 'తాళం' అనే మాటలే నడిచాయి ఇంట్లో. హైమవతి క్షమించమని అడగలేదు. చెప్పేశాక ఆమెకు తేలికగానే ఉంది, అది ఆమెకే ఆశ్చర్యం. ఒక పొద్దున అతను బూట్లు వేసుకుంటూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు.

"ఆ నొప్పి నీకు తెలీదు. తెలిస్తే దాచేదానివి కాదు. అంతే అనుకుంటాను, ఇంకేమీ అనుకోను." లేస్తూ, "సాయంత్రాలు మూడు రోజులే వెళ్తాను. మిగతావి ఇంట్లో ఉంటాను" అన్నాడు.

"నా కోసం మానుకోనక్కర్లేదు."

"నీ కోసమే మానుకుంటున్నాను. ఎవరికోసమని చెప్పను మరి?"

ఆ డిసెంబరు పోటీలకు ఆమెను రమ్మన్నాడు. వెళ్ళింది. త్యాగరాజు బెల్టు కట్టుకుని, ఎత్తు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. దూరం కాయిన్లు అందుకోలేకపోతున్నాడు. కృష్ణకుమారి అది చూసి, కాయిన్లను అతనికి అందే చోటికి నెట్టిపెట్టడం మొదలుపెట్టింది. తను గెలవగలిగే పాయింట్లు వదులుకుని, అతని చేతి కిందికి చేర్చింది. ఒక గంటపాటు హైమవతి అది చూస్తూ కూర్చుంది. తను జావ తాగించినట్టే ఉంది అది. చూడలేకపోయింది, కళ్ళు తిప్పుకోనూ లేకపోయింది. క్వార్టర్ ఫైనల్లోనే ఓడిపోయారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో త్యాగరాజు, "ఇక చాలు" అన్నాడు. బాగా ఆడారని ఆమె అంది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

తర్వాతి వేసవికి జబ్బు ఊపిరితిత్తుల్లోకి వచ్చింది. ఈసారి ఆయాసం. సిమెంటు నింపిన పూస మాత్రం చివరిదాకా అతన్ని కూర్చోనిచ్చింది. పడుకుంటే ఊపిరాడదు కనుక కూర్చునే ఉండేవాడు. కృష్ణకుమారి ఆదివారాలు వచ్చి అతని ముందు వెదురు మోడా వేసుకుని కూర్చునేది. హైమవతి ఆ గదిలోంచి కదిలేది కాదు. ఇద్దరినీ వదిలి వంటింట్లోకి పోవడం ఆమెకు ఇష్టం లేదు. అందుకని టీ పెట్టే పని కృష్ణకుమారి మీదే పడింది. చక్కెర ఎక్కువ వేసేది. ముగ్గురూ తాగేవారు. జూలైలో అతను పోయాడు.

కారుణ్య నియామకం కింద హైమవతికి అదే ఆఫీసులో చిన్న ఉద్యోగం వచ్చింది. ఆ కాగితాలన్నీ ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ గుండా నడిచాయి. కృష్ణకుమారి ఒక్కటి కూడా ఆలస్యం కానివ్వలేదు. హైమవతి ఉద్యోగంలో చేరాక డిస్పాచ్‌లో కూర్చుని, టైపు నేర్చుకుంది, మైథిలిని ఎం.ఏ. చదివించింది. మధ్యాహ్నం డబ్బా కృష్ణకుమారి పక్కనే తెరిచేది. స్నేహితులయ్యారా అంటే, ఆ మాట ఇద్దరూ ఎప్పుడూ వాడలేదు. ఆఫీసులో ఎవరైనా త్యాగరాజు పేరెత్తి కృష్ణకుమారి వైపు జాలిగా చూస్తే, హైమవతికి అన్నం గొంతులో అడ్డం పడేది. జాలి కూడా తనకే రావాలనుకునేది.

ఆమె చేరాక మొదటి చలికాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఏదో కాగితం ఇవ్వడానికి రిక్రియేషన్ గదికి వెళ్ళింది. కృష్ణకుమారి బోర్డు ముందు ఉంది. ఎదురుగా అకౌంట్స్‌కు కొత్తగా వచ్చిన ఒక సన్నటి మనిషి కూర్చుని, స్ట్రైకరుకు పౌడరు రాస్తున్నాడు. హైమవతికి ఒళ్ళంతా వేడెక్కింది. అది తన కోసం కాదని గుమ్మం దగ్గర నిలబడ్డాకే అర్థమైంది. పోయిన మనిషి తరఫున వచ్చిన కోపం అది.

"ఎవరతను?" అని అడిగింది, డబ్బాలు కడుక్కునే దగ్గర.

"కొత్త పార్ట్‌నర్. ఆఫీసోళ్ళు పెట్టిన్రు" అంది కృష్ణకుమారి.

"ఎలా ఆడతాడు?"

కృష్ణకుమారి పంపు కట్టేసి, చేతులు దులుపుకుంది.

"ఏం ఆట! రెడ్ ముంగట పెట్టినా వెయ్యొస్తలేదు."

హైమవతి డబ్బా మూత బిగించింది. ఆ పూట ఆమెకు మనసు నిమ్మళంగా ఉంది. సాయంత్రం బస్‌స్టాప్ దాకా ఇద్దరూ కలిసే నడిచారు.